చైర్మన్ కాక, మూడు సెకన్ల మౌనం

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఈ లోకంలో ఎవరైనా సరే, ఆరు రోజులు నా ముందు కూర్చుంటే బాగుపడి తీరతారని. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయిపోగానే హైదరాబాద్‌లో మా మేనత్త ఇంట్లో ఉండి రెండు నెలల కోర్సు ఒకటి చేశాను. ఎలా నిలబడాలి, ఎంత నవ్వాలి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, ఎదుటివాళ్ల కళ్లలోకి ఎంతసేపు చూడాలి, ఇవన్నీ అందులో నేర్పారు. (అంతకుముందు ఇరవై రెండేళ్లూ నా చేతులు ఎక్కడ పెట్టుకున్నానో నాకిప్పటికీ గుర్తులేదు.) కోర్సు అయ్యాక ఒక నీలిరంగు ఫైలు, ఒక సర్టిఫికెట్, టీవీలో వార్తలు చదివేవాళ్ల తెలుగు, ఈ మూడూ పట్టుకుని ఇంటికొచ్చాను. మా మెట్‌పల్లిలో నా కొత్త తెలుగు విని మా అవ్వ, "దీనికేమన్న జరమొచ్చిందా" అని మా బాపును పక్కకు పిలిచి అడిగింది. నేను పట్టించుకోలేదు. ఊళ్లో ఉన్నవాళ్లకు ఇవన్నీ ఏం తెలుస్తాయని జాలిపడ్డాను.

కరీంనగర్‌లో ఒక బేకరీ పైన రెండు గదుల్లో నడిచే ఇన్‌స్టిట్యూట్‌లో ఉద్యోగం దొరికింది. బయట బోర్డు మీద 'మీడియా అండ్ ప్రెజెంటేషన్ స్కిల్స్ ఫర్ బిజినెస్ లీడర్స్' అని మూరెడు అక్షరాలతో ఉండేది. దాని కింద బెత్తెడు అక్షరాలతో 'స్పోకెన్ ఇంగ్లీషు, టైపింగు కూడా నేర్పబడును' అని ఉండేది. మూరెడు అక్షరాలు చూసి ఎవరూ వచ్చేవారు కాదు, బెత్తెడు అక్షరాలే మమ్మల్ని పోషించేవి. బిజినెస్ లీడర్ అనదగ్గ మనిషి ఆ మెట్లెక్కగా నేను చేరాక రెండు నెలల్లో చూడలేదు. ఒకసారి బోర్‌బండ్ల ఓనరు ఒకాయన వచ్చాడు గానీ, ఆయన బేకరీకని బయల్దేరి దారితప్పి పైకెక్కాడు. మా డైరెక్టర్ సార్ మాత్రం రోజూ టై కట్టుకుని కూర్చునేవాడు. నేనూ ఫైలు ముందు పెట్టుకుని, రాబోయే లీడర్ల కోసం చేతులు సరైన చోట పెట్టుకుని ఎదురుచూసేదాన్ని.

అలాంటప్పుడు ఒక రోజు చైర్మన్ కాక వచ్చాడు. (మా వైపు బాబాయి వరసవాళ్లను కాక అంటాం.) సిరిసిల్ల మనిషి. యాభై దాటిన వయసు, తెల్ల చొక్కా, భుజం మీద ఎప్పుడూ ఒకటో రెండో దూది పీచులు. వాళ్ల దగ్గర మరమగ్గాలను సాంచాలంటారు. సొంతంగా నాలుగో ఎనిమిదో సాంచాలు పెట్టుకుని నేసేవాళ్లను ఆసాములంటారు. అలాంటి ఆసాములు పద్దెనిమిది మంది కలిసి చిన్న కంపెనీ ఒకటి పెట్టుకుని, అందరిలోకీ పని తెలిసినవాడని ఈయన్ని చైర్మన్ను చేశారు. ఆయన వచ్చిన పని చెప్పడం మొదలుపెట్టగానే కింద బేకరీ ఆయన, పైన ఏదో కొట్లాట జరుగుతుందనుకుని పరుగెత్తుకొచ్చాడు. కాక గొంతు అలాంటిది.

"పెద్ద బడులోళ్లు పిల్లల యూనిఫారాల బట్టకు ఆర్డర్ ఇస్తున్నరు సార్. మూడు కంపెనీలోళ్లను రమ్మన్నరు. పది నిమిషాలు ముంగట నిలవడి మాట్లాడాలెనంట. నాకు నేసుడొస్తది గని నిలవడి మాట్లాడుడు రాదు. మా ఆసాములల్ల ఇద్దరు ఇప్పటికే సాంచాలను పాత ఇనుము కింద తూకానికి అమ్ముకున్నరు. గీ ఆర్డర్ రాకపోతే మిగిలినయి గూడ లారీ ఎక్కుతయి" అన్నాడు. ఇదంతా చెబుతున్నంతసేపూ ఆయన చేతులు ఒక్క క్షణం ఊరుకోలేదు. రెండు వేళ్లు మెలిపెడితే దారం, అరచేయి బోర్లిస్తే ఆగిపోవడం, బొటనవేలు వెనక్కి విసిరితే లారీ. డైరెక్టర్ సార్ ఆయన చేతులకేసి, తర్వాత నాకేసి చూశాడు. సార్‌కు బెల్లంపల్లిలో బావమరిది పెళ్లి పనులున్నాయి. "మేడం చూసుకుంటుంది" అని కాకతో చెప్పి, నాతో మాత్రం మెల్లిగా, "ఈయన గట్టెక్కితే నీ ఉద్యోగం పర్మినెంటు, లేకపోతే ఆలోచిద్దాం" అన్నాడు. నాకు తప్ప ఇంకెవరికీ వినపడకుండా మాట్లాడటం కూడా సార్ నేర్పే విద్యల్లో ఒకటి.

మొదటి రోజు నా వార్తల తెలుగులో, "కాకా, మీరు హస్త చాలనం కాస్త తగ్గించుకోవాలి" అన్నాను. ఆయన నా మొహంలోకి అలాగే చూస్తూ కాసేపు ఆలోచించాడు. "నువ్వు యాడిదానివి బిడ్డా?" అన్నాడు. మెట్‌పల్లి అన్నాను. "మరి గట్ల మాట్లాడుతున్నవేంది? మూతి సరిగ్గ తిరుగుతలేదు నీకు" అన్నాడు. నా ఉచ్చారణను అంతవరకు ఎవరూ అంత మాట అనలేదు. మనసు కష్టపెట్టుకుని ఫైల్లో 'విమర్శ స్వీకరించే గుణం తక్కువ' అని రాసుకున్నాను. (ఎవరికి అని రాయలేదు. ఇప్పుడు చదువుకుంటే ఎవరికైనా సరిపోయేట్టుంది.)

ఒక్క విషయంలో మాత్రం ఆయన నన్ను ఆశ్చర్యపరిచాడు. చూపు. నేను మాట్లాడుతుంటే రెప్ప వాల్చకుండా నా మొహంలోకే చూసేవాడు. మా కోర్సులో నెల రోజులు నేర్పినా మాకెవరికీ రాని విద్య అది. నా ఫైల్లో 'చూపు కలపడం' అనే గడిలో పదికి పది వేశాను. కాకపోతే నేను బోర్డు వైపు తిరిగి రాస్తూ చెప్పిన పాఠం ఒక్క ముక్క ఆయనకు ఎక్కేది కాదు. తిరిగి చూస్తే కిటికీలోంచి బస్సులు లెక్కపెడుతూ ఉండేవాడు. 'ఏకాగ్రత నిలకడగా లేదు' అని రాసుకున్నాను. ఏం చెప్పినా మాత్రం "మంచిది బిడ్డా" అనేవాడు. ఆ మంచితనం చూసి ఆయన మీద జాలి, నా మీద నమ్మకం రెండూ పెరిగాయి.

ఇంకో వింత కూడా ఉంది. కింద బేకరీలో పిండి కలిపే మిషను ఒకటుండేది. అది తిరిగితే మా గది నేల సన్నగా అదిరేది. మిషను నడుస్తున్నంతసేపూ కాక తడుముకోకుండా గలగలా మాట్లాడేవాడు. అది ఆగిందంటే, మాట మధ్యలో ఆయన కూడా టక్కున ఆగిపోయేవాడు. కిందికీ పైకీ చూసి, "ఏమైంది?" అనేవాడు. ఏం కాలేదు కాకా, చెప్పండి అంటే, ఎక్కడున్నాడో మరిచిపోయి మళ్లీ మొదటినుంచి అందుకునేవాడు. రెండు నెలల కోర్సు చేసినదాన్ని, ఈ రెండింటికీ ఏమన్నా సంబంధం ఉందేమోనని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఎంత బాగుండేది. నేనేం చేశానో చెప్పనా? కిందికి దిగివెళ్లి, మిషను చప్పుడుకు మా క్లాసు పాడవుతోందని బేకరీ ఆయనతో పోట్లాడి, మా రెండు గంటలూ దాన్ని కట్టేయించాను.

ఇక అన్నిటికన్నా గొప్ప పాఠం మిగిలింది. మూడు సెకన్ల మౌనం. ముఖ్యమైన మాట చెప్పబోయే ముందు మూడు సెకన్లు ఏమీ మాట్లాడకుండా అందరినీ చూడాలి, అప్పుడు హాలంతా మన గుప్పిట్లోకి వస్తుంది, అని మా కోర్సులో చెప్పారు. కాకకు అది చచ్చినా వచ్చేది కాదు. మౌనం అనగానే ఆయన మొహంలో కంగారు పుట్టేది. చేయి తనంతట తానే ముందుకు పోయేది. నేను ఆ చేయి పట్టుకుని తెచ్చి రెండో చేతి మీద పెట్టి, రెండింటినీ పొట్ట మీద సర్దేదాన్ని. ఒకటి, రెండు, మూడు అని వేళ్లు చూపించేదాన్ని. ఆరో రోజుకు ఆయన లొంగాడు. గొంతు తగ్గింది, చేతులు కట్టుకున్నాడు, మూడు సెకన్లూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. చిన్న కెమెరాలో తీసి ఆయనకే చూపించాను. చివరిదాకా చూసి, "చేతులు గట్ల కట్టుకున్నడేంది, ఏమన్న తప్పు జేసిండా?" అన్నాడు.

ఆ రోజు చిన్నమ్మ, అంటే కాక భార్య, జొన్నరొట్టెలు కట్టుకుని వచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరి మొహంలోకి ఒకరు చూసుకుంటూ తిన్నారు. ముప్పై ఏళ్ల కాపురం తర్వాత కూడా ఎంత ప్రేమో అని మురిసిపోయాను. తినడం అయ్యాక కాక తన పది నిమిషాల మాటలు ఆమె ముందు చెప్పాడు. ఆమె విని నన్ను పక్కకు పిలిచింది. "మంచిగనే ఉన్నది బిడ్డా. గని గీయన ఎవలు? మా ఆయనను యాడ పెట్టినవ్?" అంది. అంతకన్నా మెప్పు ఏముంటుందని పొంగిపోయాను. ఆమె ఇంకేదో చెప్పబోయి, కాక వైపు చూసి, ఆగిపోయింది.

అసలు రోజు రానే వచ్చింది. కరీంనగర్‌లోనే ఒక పెద్ద హోటల్ హాలు. ఏసీ, బరువైన తెరలు, అడుగు వేస్తే పాదం దిగబడే తివాచీ. మా బేకరీ పై గది దీని ముందు సంత కింద లెక్క. బడుల తరఫున ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో పెద్దమేడం, అటొకరు ఇటొకరు సార్లు. మాకన్నా ముందు నున్నటి బూట్లాయన ఒకడు ల్యాప్‌టాప్ పెట్టి, నా ఫైల్లో ఉన్నదంతా నాకన్నా బాగా చేసి చూపించి వెళ్లాడు. కాక బట్ట తానును బల్ల మీద పెట్టి, వచ్చి నిలబడ్డాడు. చేతులు పొట్ట మీద కట్టుకున్నాడు. నేను ప్రొజెక్టర్ పక్కన నిలబడి బొమ్మలు మార్చాలి. తివాచీ మీద ఆయన చెప్పులు వదిలేసి నిలబడటం చూసి, ఇదొక్కటి చెప్పడం మరిచిపోయానే అని నాలుక కరుచుకున్నాను.

మొదటి బొమ్మ బ్రహ్మాండంగా గడిచింది. రెండో బొమ్మ వచ్చింది. 'మా బట్ట ప్రత్యేకత ఏమిటంటే' అనేది అక్కడి మాట. దాని తర్వాత మూడు సెకన్ల మౌనం. కాక ఆ మాట అని ఆగాడు. ఒకటి, రెండు, మూడు. నేను నవ్వుమొహంతో ఎదురుచూస్తున్నాను. నాలుగు, ఐదు, ఆరు. నా నవ్వు నాకే బరువెక్కింది. పది దాటాక కాక మొహం పాలిపోయింది. పెదవి కదలడం లేదు. కట్టుకున్న చేతులు విడిపోయాయి. పద్దెనిమిది మంది ఆసాములు, లారీ ఎక్కబోయే సాంచాలు, నా పర్మినెంటు ఉద్యోగం, అన్నీ ఆ తివాచీలోకి దిగిపోతున్నట్టు అనిపించింది. వెనకనుంచి నేను చేతులు ఊపుతూ, మెల్లగా మాటలు అందిస్తున్నాను. ఆయన నావైపు చూడలేదు. చక్కగా నడుచుకుంటూ వెళ్లి, బల్ల మీది తాను విప్పి, బట్ట మీద అరచేత్తో తడుముతూ పోవడం మొదలుపెట్టాడు. ఒకచోట చేయి ఆగింది.

"ఇగో" అన్నాడు, తన పాత గొంతుతో. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. "ఈడ ఒక పోగు తెగింది. నేను సూసుకోలే. గిది పాస్ కాదు మేడం, దీన్ని లెక్కలకు తీసుకోకుండ్రి."

నేను కళ్లు మూసుకున్నాను. మా కోర్సు పుస్తకం ముప్పై రెండో పేజీలో, మన లోపాలు మనం ఎత్తి చూపరాదు అని చుట్టూ గడి కట్టి మరీ రాసి ఉంది. ఎడమవైపు సారు పేపర్లు మూతికి అడ్డం పెట్టుకుని ఏదో అడిగాడు. కాక పలకలేదు. సారు మళ్లీ అడిగాడు. మళ్లీ నిశ్శబ్దం. అప్పుడు కాక ఒకసారి తల వంచుకుని, ఎత్తి, "సార్, జర ఆ కాయిదాలు తీసి, నా దిక్కు మొఖం పెట్టి చెప్పుండ్రి. పన్నెండేండ్లప్పటి సంది సాంచాల నడుమ ఉన్న. చెవులు సగం పోయినయి. మూతి సూస్తెనే మాట తెలుస్తది నాకు" అన్నాడు.

ఆరు రోజులు. ఆయన నా కళ్లలోకి చూడలేదు, నా పెదవులు చదివాడు. అందుకే నా వార్తల తెలుగుకు మూతి సరిగ్గా తిరగలేదన్నాడు. బోర్డు వైపు తిరిగి నేను చెప్పిన పాఠాలన్నీ గోడకే చెప్పాను. ఏది వినపడకపోయినా "మంచిది బిడ్డా" అన్నాడు. సిగ్గుతో ప్రొజెక్టర్ వెనక్కి జరిగి నిలబడ్డాను.

పెద్దమేడం మాత్రం కళ్లజోడు పెట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. ఎంత చూసినా ఆమెకు ఆ తెగిన పోగు కనబడలేదు. "మాట్లాడుతూ మాట్లాడుతూ, ఇక్కడ తెగిందని మీకెలా తెలిసింది?" అని, ఆయన మొహానికెదురుగా నిలబడి అడిగింది. "తెల్వలే మేడం, భయమైంది. సాంచా నడిస్తె కాళ్ల కింద అదురుతది. అదురుడు ఆగిందంటె యాడనో పోగు తెగినట్టే. ఈడ మొత్తం సల్లవడ్డది. మా మేడం ఆగుమన్నది గని, నాకు ఆగుడంటె పరేషానైతది. చెయ్యి బట్ట మీదికి పోతది. గంతే" అన్నాడు. తర్వాత ఆమె వేలు పెట్టి చూసేలా ఆ చోటు చూపించాడు. ఆమెకు అప్పుడు తగిలింది. సార్లిద్దరూ లేచొచ్చారు. కాక చేతులు రెండూ పైకి లేచాయి, గొంతు హాలు దాటింది. పిల్లలు బెంచీల మీద రాసుకునే మోచేతుల దగ్గర బట్ట ఎందుకు పలచబడుతుందో, ఎన్ని ఉతుకులకు రంగు ఎలా పోతుందో, ఏ పోగు ఎక్కడ గట్టిగా ఉండాలో గాల్లో నేసి చూపించాడు. పది నిమిషాలు అరగంటయింది. నా ప్రొజెక్టర్ మీద రెండో బొమ్మే ఉండిపోయింది. దానివైపు ఎవరూ చూడలేదు, నేను కూడా చూడలేదు.

బయటికొచ్చాక చిన్నమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. జరిగింది చెప్పాను. చెవుల సంగతి నాతో ఎందుకు అనలేదని అడిగితే, "వద్దన్నడు బిడ్డా. చెవులు ఇనరానోడు కంపెనీ ఏం నడుపుతడు అంటరని ఫికర్. మా ఆసాములకు తప్ప ఇంకెవలికి తెల్వదు. నీకు జెప్తె నువ్వు చిన్నబోతవని గూడ అన్నడు" అంది. నాకు ఏడుపొచ్చింది. ఇన్‌స్టిట్యూట్‌లో డైరెక్టర్ సార్ జరిగింది విని, ఆ పుస్తకంలో ముప్పై రెండో పేజీ తెరిచి నాకు చదివి వినిపించాడు. నేను బేకరీలో కూర్చుని రెండు ఎగ్ పఫ్‌లు తిని, మూడోది కూడా అడిగాను. బేకరీ ఆయన డబ్బులు వద్దన్నాడు. ఆ రెండు గంటలూ ఇక మిషను నడుపుకోవచ్చా అని మాత్రం అడిగాడు.

వారం గడిచాక చిన్నమ్మ ఫోన్ చేసింది. ఆర్డర్ సగం నున్నటి బూట్లాయనకు, సగం వీళ్లకు ఇచ్చారట. బట్ట మొత్తం కాక చేతి కింద నుంచి దాటాకే రావాలని పెద్దమేడం కాయితంలో రాయించిందట. "సాంచాలు లారీ ఎక్కలే బిడ్డా. ఒక్కసారి వచ్చి సూసిపో" అంది. వెళ్లాను. షెడ్డులోకి అడుగుపెట్టగానే ఆ చప్పుడుకు నా గుండె అదిరింది. నా మాట నాకే వినబడలేదు. చైర్మన్ కాక సాంచాల మధ్య నిలబడి, నన్ను చూపించి, ఆసాములందరికీ నేనెవరో చేతులతో, పెదవులతో చెప్పాడు. హోటలు చెప్పాడు, తివాచీ చెప్పాడు, పేపర్లు అడ్డం పెట్టుకున్న సారును చెప్పాడు. ఒక్క మాట వినపడకపోయినా నాకు అంతా అర్థమైంది. చివర్లో రెండు చేతులూ పొట్ట మీద కట్టుకుని, మెడ బిగించి, బుద్ధిమంతుడిలా నిలబడి చూపించాడు. షెడ్డంతా నవ్వింది. అంత బాగా మాట్లాడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాత కూడా చూడలేదు.

తర్వాత నన్ను కూడా రెండు మాటలు మాట్లాడమని సైగ చేశాడు. అరచేయి బోర్లించి, సాంచాలు ఆపాలా అని కళ్లతో అడిగాడు. వద్దని తల ఊపాను. నోరు తెరిచాను. నాకు తెలియకుండానే నా చేతులు రెండూ వచ్చి పొట్ట మీద కట్టుకున్నాయి. షెడ్డు మళ్లీ నవ్వింది, ఈసారి నేను కూడా.

ఆర్డర్ వచ్చింది నా పాఠం వల్ల కాదని సార్ తేల్చేయడంతో ఉద్యోగం అక్కడ పర్మినెంటు కాలేదు గానీ, పని మాత్రం అదే అయింది. ఇప్పుడు పెద్ద పెద్ద ఆఫీసుల్లో పెద్ద పెద్దవాళ్లకు ఎలా మాట్లాడాలో నేర్పుతున్నాను. మూడు సెకన్ల మౌనం ఇప్పటికీ చెబుతాను. కాకపోతే మొదటి రోజు మొదటి మాటగా, అందరి మొహాల్లోకి చూస్తూ, "నేను చెప్పేది మీకు వినిపిస్తోందా?" అని అడుగుతాను. వాళ్లు మైకు సంగతి అనుకుని తల ఊపుతారు. నేను ఇంకోసారి అడుగుతాను.

మొన్న బీరువా సర్దుతుంటే ఆ నీలిరంగు ఫైలు బయటపడింది. చైర్మన్ కాక పేజీలో నా గుండ్రటి చేతిరాత అలాగే ఉంది. ఏకాగ్రత లేదు, ధైర్యం లేదు, చేతుల మీద అదుపు లేదు. ఒక్క చూపు కలపడం దగ్గర మాత్రం పదికి పది. మిగతావన్నీ పెన్నుతో కొట్టేశాను గానీ దాన్ని ముట్టుకోలేదు. ఆరు రోజులు నా మొహంలోంచి ఒక్క మాట జారిపోకుండా చూసిన మనిషికి అంతకన్నా తక్కువ ఎలా వేస్తాను? ఆ ఆరు రోజులూ ఆయన ముందు నిలబడి, ఆయన్ని ఒక్కసారి కూడా చూడని ఆ పిల్ల గుర్తొచ్చింది. మంచి పిల్లే పాపం. చేతులు మాత్రం సరైన చోటే పెట్టుకునేది.